లూ రౌ ఫాన్ ఇంట్లో వండాను, ఇసుకలా వచ్చింది. ఎక్కడ తప్పాను?

షిన్‌చు గాలి (చర్చ మొదలుపెట్టినవారు), శనివారం రాత్రి

అందరికీ నమస్కారం. చదువు కోసం తైవాన్‌లోని షిన్‌చులో రెండేళ్లున్నాను. ఇప్పుడు హైదరాబాదులో ఉద్యోగం. అక్కడున్నన్నాళ్లూ వారానికి నాలుగు రాత్రులు మా హాస్టలు వెనక సందులో ఒక పెద్దావిడ నడిపే చిన్న కొట్లో లూ రౌ ఫాన్ తినేవాణ్ణి. తెలియనివారి కోసం చెబుతున్నాను: అరచేతిలో పట్టే గిన్నెలో పొగలు కక్కే అన్నం, దాని మీద సోయా సాస్‌లో గంటల తరబడి మగ్గి నల్లబడిన పంది మాంసపు ముక్కలు, ఆ పులుసు, అంచున ఒక పసుపుపచ్చ ముల్లంగి ఊరగాయ బిళ్ల. అంతే. తిన్నాక పెదవులు ఒకదానికొకటి అతుక్కునేవి.

ఈ మధ్య రక్తపరీక్షలో కొలెస్టరాల్ ఎక్కువని తేలింది. ఇంట్లో నాన్నగారికి రక్తపోటు. అందుకని ఈ వంటకాన్ని ఆరోగ్యంగా చేద్దామని పూనుకున్నాను. అరకిలో కొవ్వు లేని మాంసాన్ని కీమా కొట్టించాను, తోలు వద్దన్నాను. ఒక చెంచా నూనె, రెండు పెద్ద ఉల్లిపాయలు, మూడు పెద్ద చెంచాల సోయా సాస్, పంచదార సున్నా, పాతిక నిమిషాలు. దిగాక చూస్తే మాంసం ఇసుకరేణువుల్లా ఉంది. పులుసు నీళ్లలా జారి గిన్నె అడుగుకు చేరింది. అమ్మ ఒక ముద్ద తిని, "దీనికోసమా నువ్వు రెండేళ్లు కలవరించావు?" అంది.

కొవ్వు తక్కువగా, ఉప్పు తక్కువగా, కానీ ఆ రుచి వచ్చేలా ఎవరైనా చేశారా?

---

గొడ్డుకారం, శనివారం రాత్రి

పాతిక నిమిషాలకే దింపేశారా! తమ్ముడూ, మా ఊళ్లో కోడికూర కూడా అంతకన్నా ఎక్కువసేపే ఉడుకుతుంది. అల్లం వెల్లుల్లి ముద్ద ఒక చెంచా, ధనియాల పొడి, నాలుగు పచ్చిమిరపకాయలు వేసి చూడండి. ఇసుకైనా మట్టైనా దిగిపోతుంది.

---

తైనాన్ కోడలు, ఆదివారం ఉదయం

గొడ్డుకారం గారూ, దయచేసి ఆ ధనియాల డబ్బా మూత పెట్టేయండి. :)

పెళ్లయి పద్నాలుగేళ్లుగా తైవాన్ దక్షిణాన ఉన్న తైనాన్‌లో ఉంటున్నాను. వచ్చిన కొత్తలో నేనూ అచ్చంగా ఇదే చేశాను. అత్తగారు బజారుకు వెళ్లిన సమయం చూసి అందులో గరం మసాలా వేశాను. ఆవిడ ఏమీ అనలేదు. మర్నాడు అదే గిన్నెను నా ముందు పెట్టి, "మీ కూర బాగుంది. ఇప్పుడు మా లో-బా నేర్పుతాను, రా" అన్నారు. లూ రౌని ఇక్కడ ఇంట్లో అలాగే అంటారు.

షిన్‌చు తమ్ముడూ, నువ్వు ఆరోగ్యం పేరుతో తీసేసినవన్నీ ఆ వంటకానికి ప్రాణం పోసేవి. మొదట తోలు సంగతి. తోలులో ఉండేది ముఖ్యంగా కొల్లాజెన్. సన్నని సెగ మీద గంటకు పైగా ఉడికితే అది కరిగి జిగురవుతుంది. పెదవులు అతుక్కోవడానికి, పులుసు అన్నం మెతుకును పట్టుకుని ఉండటానికి కారణం ఆ జిగురే. కొవ్వు కాదు. తోలు కింద ఉండే తెల్లని పొర కొవ్వు, దాన్ని వదిలించుకోవడానికి వేరే దారి ఉంది, చివర్లో చెబుతాను. నువ్వు తోలు పారేసి కొవ్వు లేని కండను ఉంచుకున్నావు. ఆ కండ ఎంత ఉడికితే అంత ఎండుతుంది. ఇసుక రాక ఏం వస్తుంది?

రెండోది, మాంసాన్ని కీమా కొట్టించకూడదు. మాంసాన్ని ముద్దగా గంటసేపు డీప్ ఫ్రీజర్‌లో పెడితే కాస్త గట్టిపడుతుంది. అప్పుడు కత్తితో చిటికెన వేలి గోరంత వెడల్పున పట్టీలుగా కోసుకో, ప్రతి ముక్కకూ తోలు, కొవ్వు, కండ మూడూ వచ్చేలా. విసుగు పుడుతుంది, ఒప్పుకుంటాను. మా అత్తగారు టీవీ సీరియల్ చూస్తూ కోస్తారు.

మా ఇంట్లో ఆరు చిన్న గిన్నెలకు నేను చేసే పద్ధతి ఇది:

తోలుతో ఉన్న పొట్ట భాగం 250 గ్రాములు, భుజం మాంసం 250 గ్రాములు. పూర్వం మొత్తం పొట్ట భాగమే వేసేవారు. మామగారికి గుండెకు స్టెంటు వేశాక ఇలా సగం సగం చేశాం. ఎండు షిటాకే పుట్టగొడుగులు ఆరు, గోరువెచ్చని నీళ్లలో నానబెట్టాలి. ఆ నీళ్లు పారబోయొద్దు, ఉప్పు తగ్గించగలిగేది వాటి వల్లే. చిన్న ఎర్ర ఉల్లిపాయలు 100 గ్రాములు, అంటే మీ సాంబారు ఉల్లిపాయలే. పెద్ద ఉల్లిపాయలో నీరెక్కువ, తీపి వేరు, అది వద్దు. వెల్లుల్లి రెబ్బలు మూడు. సోయా సాస్ నాలుగు పెద్ద చెంచాలు. పటికబెల్లం ఒక పెద్ద చెంచా. బియ్యపు సారా పావు కప్పు. అనాసపువ్వు ఒకటి, చిన్న దాల్చినచెక్క ముక్క, తెల్ల మిరియాల పొడి చిటికెడు. ఐదు మసాలాల పొడి పావు చెంచా, అంతకు మించి వేస్తే మందులకొట్టు వాసన వస్తుంది.

ముందుగా మాంసం ముక్కలను మరిగే నీళ్లలో రెండు నిమిషాలు వేసి తీసి కడగాలి. నురగా నీచూ పోతాయి. మూకుడులో నూనె వేయకుండా పొట్ట భాగం ముక్కలను సన్నని సెగ మీద పెడితే వాటి కొవ్వు అవే వదులుతాయి. ముక్కలను పక్కకు తీసి, ఆ కొవ్వులో ఒకటిన్నర చెంచా ఉంచి మిగతాది తీసేసి, సన్నగా తరిగిన ఉల్లిపాయలు వేయించాలి. లేత బంగారు రంగు రాగానే దించాలి. పళ్లెంలోకి తీశాక కూడా రంగు తిరుగుతూనే ఉంటుంది. నల్లబడితే ఆ చేదు ఇక పోదు.

తరవాత అదే మూకుడులో పొట్ట భాగం ముక్కలు, పటికబెల్లం, భుజం మాంసం, వెల్లుల్లి, సోయా సాస్ వేసి కాస్త వేపి, సారా పోసి, తరిగిన పుట్టగొడుగులు, వాటి నీళ్లు, ఇంకో రెండు కప్పుల నీళ్లు, మసాలాలు వేసి మూత పెట్టాలి. కుతకుతలాడకూడదు, అడపాదడపా ఒక బుడగ లేస్తే చాలు. గంటంపావు. వేయించిన ఉల్లిపాయల్ని చివరి అరగంటలో కలపాలి. ఉడికించి ఒలిచిన గుడ్లు కూడా అప్పుడే.

ఇక కొవ్వు సంగతి. రాత్రే వండి, చల్లార్చి, ఫ్రిజ్‌లో పెట్టు. పొద్దున్నే చూస్తే పైన తెల్లగా పలకలా గడ్డకట్టి ఉంటుంది. చెంచాతో ఎత్తితే బిళ్లలుగా వచ్చేస్తుంది. కింద పులుసు జున్నులా వణుకుతూ ఉంటుంది. ఆ వణుకు ఉంటే నువ్వు గెలిచినట్టు.

---

కత్తిపీట, ఆదివారం ఉదయం

కోడలు గారి టపాను అచ్చు వేయించుకోవాలి.

ఒక మాట మాత్రం కలుపుతాను. మన ఊళ్లల్లో పంది మాంసం కొనేవాళ్లు దుకాణం చూసుకోవాలి. వీధుల్లో తిరిగే నల్లపంది వేరు, ఫారంలో పెంచే సీమపంది వేరు. శుభ్రంగా శీతలంలో పెట్టి అమ్మే చోట, తోలుతో కావాలని ముందురోజే చెప్పి తెప్పించుకోండి. చాలా చోట్ల తోలు తీసేసి అమ్ముతారు. పొట్ట భాగం అంటే కొట్టువాడికి అర్థం కాకపోతే, పక్కటెముకల కింద పొరలు పొరలుగా ఉండేది అని చూపించండి. పురుగుల భయం ఉన్నవారికి: ఇది గంటకు పైగా మరిగే వంటకం, ఆ వేడికి మాంసంలో ఉండే బద్దెపురుగు లార్వా కూడా బతకదు. అసలు జాగ్రత్త పడాల్సింది పచ్చి మాంసం కోసిన పలక దగ్గర, దాని మీదే కీరా తరగకూడదు.

---

తులసికోట, ఆదివారం మధ్యాహ్నం

మేము శాకాహారులం. మావారి ఉద్యోగం వల్ల తైపేలో ఏడాదిన్నర ఉన్నాం. పంది మాంసం మాట వినగానే చర్చ మూసేద్దామనుకున్నాను గానీ, ఈ వంటకానికి శాకాహార రూపం అక్కడ సందు సందునా దొరుకుతుందని చెప్పాలనిపించింది. బయట స్వస్తిక్ గుర్తు ఉంటే అది బౌద్ధ శాకాహార భోజనశాల. మొదటిరోజు ఆ గుర్తు చూసి ఎవరో మనవాళ్లే పెట్టారనుకుని లోపలికి వెళ్లి తెలుగులో పలకరించినంత పని చేశాను.

మాంసం బదులు పుట్టగొడుగులు, సోయా ముక్కలు, గట్టి టోఫూ సన్నగా తరిగి వేస్తారు. అయితే అక్కడి కట్టుబాటు ప్రకారం శుద్ధ శాకాహారంలో ఉల్లి, వెల్లుల్లి ఉండవు. మా అత్తగారు ఇది విని "కార్తీకమాసం వంటే అన్నమాట!" అని తేల్చేశారు. ఉల్లి వేస్తే ఆ సంగతి చీటీ మీద వేరుగా రాస్తారు. జిగురు ఎలా అంటారా? తోలు లేదు కాబట్టి దించేముందు అర చెంచా మొక్కజొన్న పిండి నీళ్లలో కలిపి పోస్తాను. పెదవులు అతుక్కోవు గాని మెతుకు అతుక్కుంటుంది.

---

గొడ్డుకారం, ఆదివారం మధ్యాహ్నం

ధనియాలు మూసేశాను. కానీ కారం లేకుండా మనిషి ఎలా బతుకుతాడు?

---

తైనాన్ కోడలు, ఆదివారం సాయంత్రం

బల్ల మీద మిరపకాయల సాసు సీసా పెడతారండీ, ఎవరికి కావలసినంత వారు వేసుకోవచ్చు. వండే గిన్నెలో మాత్రం వేయరు. నేను నిజం చెబుతాను, గుంటూరు నుంచి వచ్చిన కారం నా అలమరలో ఉంది, చిటికెడు చల్లుకుంటాను. అత్తగారికి తెలుసు. తెలియనట్టు ఉంటారు.

---

లెక్కల మాస్టారు, ఆదివారం రాత్రి

ఆరోగ్యం అన్న మాట వాడాక అంకెలు రావాలి కదా. నేను వైద్యుణ్ణి కాదు, బడిపంతులును. కాగితం మీద వేసుకున్న లెక్క చెబుతున్నాను.

పచ్చి పంది పొట్ట భాగంలో 100 గ్రాములకు సుమారు 53 గ్రాములు కొవ్వే. అరకిలో మొత్తం అదే వేస్తే 265 గ్రాముల కొవ్వు కుండలోకి వెళుతుంది. కోడలు గారి లెక్కన సగం భుజం మాంసం వేస్తే, దానిలో కొవ్వు 100కు 18 గ్రాములనుకున్నా, మొత్తం 177 దగ్గర ఆగుతుంది. ఇంకా గడ్డకట్టినది ఎత్తిపారేస్తున్నారు. కాబట్టి కొవ్వు విషయంలో ఈ వంటకం భయపెట్టేటంతటిది కాదు.

నన్ను భయపెట్టింది సోయా సాస్. మామూలు సోయా సాస్ ఒక పెద్ద చెంచాలో దగ్గర దగ్గర 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు రోజు మొత్తం మీద 2000 మిల్లీగ్రాముల లోపు ఉండాలంటుంది, అంటే ఉప్పు 5 గ్రాములు. ఎనిమిది చెంచాలు పోసి ఆరు గిన్నెలు చేస్తే గిన్నెకు 1200. నాలుగు చెంచాలైతే 600. ఆ ముల్లంగి ఊరగాయను మరిచిపోకండి, అది కూడా ఉప్పులో ఊరినదే. షిన్‌చు గారి నాన్నగారికి రక్తపోటు ఉంది కదా, గుడ్డు, ఊరగాయ, గిన్నె మీద ఇంకో గరిటె పులుసు అంటూ పోతే ఒక్క పూటలోనే రోజు కోటా ముగుస్తుంది.

"ఉప్పు తగ్గించిన" సోయా సాస్ దొరుకుతుంది కదా అంటారు. కొన్నిటిలో ఉప్పు తగ్గించి ఆ స్థానంలో పొటాషియం క్లోరైడ్ కలుపుతారు. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, రక్తపోటుకు కొన్ని రకాల మందులు వాడేవారు సీసా మీద చదివి, డాక్టరుకు చూపించి కొనాలి.

---

షిన్‌చు గాలి, ఆదివారం రాత్రి

మాస్టారూ, నమస్కారం. నేను కొవ్వును పట్టుకుని వేలాడి సోయా సాస్ వైపు చూడనే లేదు. నాలుగు గిన్నెలకు మూడు చెంచాలు పోశాను, అంటే ఒక్కొక్క దాంట్లో 675. "తక్కువ ఉప్పు" అని ఇంట్లో గొప్పగా చెప్పాను కూడా.

కోడలు అక్కా, సారా ఇంట్లోకి తేలేను. అమ్మ ఒప్పుకోదు. బదులు ఏమిటి?

---

తైనాన్ కోడలు, సోమవారం ఉదయం

అల్లం ముక్కలు రెండు చితక్కొట్టి వేయి, సారా కొలతకు అంతే నీళ్లు పోసుకో. తేడా ఉంటుంది గాని పెద్దది కాదు. ఇక్కడి వంటిళ్లలో ఆ బియ్యపు సారా లేని రోజు ఉండదు. బాలింతకు పెట్టే కోడి పులుసులో కూడా అదే. 2002లో తైవాన్ ప్రపంచ వాణిజ్య సంస్థలో చేరినప్పుడు దాని మీద పన్ను పెరిగి ధర ఆకాశానికి ఎగబాకిందట, ముందే తెలిసి జనం పెట్టెలకు పెట్టెలు కొని దాచుకున్నారట. మా అత్తగారి మంచం కింద చాలా ఏళ్లు ఆ సీసాలే ఉండేవని మావారు నవ్వుతూ చెబుతారు.

---

డల్లాస్ వంటిల్లు, సోమవారం

గంటంపావు పొయ్యి దగ్గర నిలబడే ఓపిక లేనివాళ్ల కోసం: ప్రెషర్ కుక్కర్‌లో నీళ్లు సగానికి తగ్గించి 20 నిమిషాలు. ఆవిరి పోయాక మూత తీసి పది నిమిషాలు మరగనివ్వండి, లేకపోతే పులుసు పలచగానే ఉంటుంది. ఉల్లిపాయలు కుక్కర్‌లో వేయొద్దు, మూత తీశాకే.

ఇక్కడ మా పక్కింట్లో తైవాన్ కుటుంబం ఉంది. వాళ్ల వంటగదిలో ఆకుపచ్చ రంగు తాతుంగ్ కంపెనీ కరెంటు కుక్కర్ చూసి ముచ్చటపడ్డాను. 1960లో వచ్చిన యంత్రం, ఇప్పటికీ అదే ఆకారం. బయటి గిన్నెలో ఒక కప్పు నీళ్లు పోసి మీట నొక్కాలి, నీళ్లు ఇంకిపోగానే మీట టక్కున లేస్తుంది. గడియారం లేదు, తెర లేదు. ఇంకా ఉడకాలంటే ఇంకో కప్పు పోయాలి. మా అమ్మ ఇడ్లీ పాత్ర అడుగున నీళ్లు కొలిచి పోసి, అవి మరిగే చప్పుడుతో సమయం చెప్పేది. సరిగ్గా అదే లెక్క.

---

నిర్వాహకులు, సోమవారం

ఎవరు ఏ మాంసం తినాలి అన్న వాదనతో వచ్చిన మూడు టపాలు తొలగించాం. తిననివారికి తులసికోట గారి పద్ధతి ఉంది. వంట గురించి మాట్లాడుకుందాం.

---

పాత డైరీ, సోమవారం రాత్రి

పేరు గురించి ఒక ముచ్చట. కోడలు గారు తైనాన్‌లో ఉన్నారు కాబట్టి ఆవిడకు తెలిసే ఉంటుంది. తైపేలో లూ రౌ ఫాన్ అంటే చిన్న ముక్కలు. దక్షిణాన అదే పేరు చెప్పి అడిగితే అరచేయంత మాంసపు పలక ఒకటి అన్నం మీద పెట్టి ఇస్తారు. చిన్న ముక్కలది కావాలంటే రౌ జావ్ ఫాన్ అనాలి. ఆ పలకదాన్ని ఉత్తరాన కోంగ్ రౌ ఫాన్ అంటారు. మా స్నేహితుడొకడు దక్షిణాన ఉన్న గావ్‌ష్యుంగ్‌లో ఇలాగే బోల్తాపడి, పలక తెచ్చినావిడతో పావుగంట వాదించాడు.

ఇంకొకటి. బోర్డుల మీద "లూ" అన్న అక్షరాన్ని చాలామంది తప్పు రాస్తారు. సరైన దానికి ఎడమపక్క మూడు నీటి చుక్కల గుర్తు ఉంటుంది, ఉప్పు పులుసులో ఉడికించడం అని అర్థం. దాని బదులు రాసే, అదే పలుకుబడి ఉన్న వేరే అక్షరమేమో చైనాలోని షాన్‌డోంగ్ ప్రాంతానికి పాత పేరు. 2011లో మిషెలిన్ వారి తైవాన్ పర్యాటక గైడు ఈ వంటకం షాన్‌డోంగ్ నుంచి వచ్చిందని రాసేసరికి తైపే నగరపాలకులకు ఒళ్లు మండింది. అప్పటి మేయరు హౌ లుంగ్-పిన్ హయాంలో ఇది మాది అని ప్రచారం చేసి, చుక్కల అక్షరమే రాయమని కొట్లవాళ్లకు చెప్పి, జనానికి ఉచితంగా లూ రౌ ఫాన్ గిన్నెలు పంచారు. మన దగ్గర పూతరేకుల మీద ఎవరైనా అలా రాస్తే ఆత్రేయపురం ఊరుకుంటుందా?

---

కత్తిపీట, మంగళవారం

ఊరుకోదు. కాకినాడ కాజా మీద రాసినా ఊరుకోరు.

---

లెక్కల మాస్టారు, మంగళవారం

అన్నం గురించి ఎవరూ మాట్లాడలేదు. గిన్నెలో మూడొంతులు అదే కదా. మధుమేహం ఉన్నవారు మాంసం కొవ్వు లెక్కేసి అన్నం కొండంత పెట్టుకుంటే ఏం లాభం?

---

తైనాన్ కోడలు, మంగళవారం సాయంత్రం

మాస్టారు సరిగ్గా నొప్పి ఉన్నచోట వేలు పెట్టారు. ఇది నేను మొదటి టపాలోనే రాయాల్సింది.

మనవాళ్లు లూ రౌ ఫాన్ వండితే కూరలా వడ్డిస్తారు. పెద్ద కంచం, పెద్ద అన్నపు కుప్ప, మీద నాలుగు గరిటెలు. మా అన్నయ్య వచ్చినప్పుడు అలాగే తిన్నాడు, సాయంత్రం దాకా సోఫా దిగలేదు. ఇక్కడ చిన్న గిన్నె అంటే నిజంగా చిన్నది. అరచేతిలో ఇమిడేంత. దాని మీద మాంసం రెండు చెంచాలే. ఖరీదైన మాంసం దొరకని రోజుల్లో, కోయగా మిగిలిన తోలు, కొవ్వు తునకలను సన్నగా తరిగి ఇంటిల్లిపాదికీ సరిపెట్టడానికి పుట్టిన వంట అని పెద్దవాళ్లు చెబుతారు. మాంసం అన్నానికి రుచి ఇచ్చే పచ్చడి లాంటిది, కూర కాదు. మనం ఆవకాయను గరిటెలతో వడ్డించుకుంటామా?

ఆ గిన్నె పక్కన ఎప్పుడూ ఒక పళ్లెం ఆకుకూర ఉంటుంది. ఎక్కువగా చిలగడదుంప ఆకు. మరిగే నీళ్లలో నిమిషం ముంచి తీసి, మీద ఒక చెంచా ఈ పులుసే పోస్తారు. హైదరాబాదులో ఆ ఆకు దొరక్కపోతే లేత తోటకూర బ్రహ్మాండంగా ఉంటుంది, నేను మా ఊరు వచ్చినప్పుడు అదే చేస్తాను. గిన్నె ఒకటి, ఆకుకూర గిన్నెడు, గుడ్డు సగం, పలచని ముల్లంగి చారు. నిండుగా ఉంటుంది.

ఇక బియ్యం. ఇక్కడిది పొట్టి గింజ, ఉడికితే మెతుకులు ఒకదానికొకటి అంటుకుంటాయి. జపాను పాలనలో పెంచిన రకం, పోంగ్‌లై బియ్యం అని 1926లో పేరు పెట్టారు. పాత సోనామసూరి వండితే పువ్వులా విడివిడిగా వస్తుంది, అందుకే నీ పులుసు అడుగుకు జారింది తమ్ముడూ. కొత్త బియ్యం తీసుకో. మన అమ్మలు "కొత్త బియ్యం, ముద్దయిపోయింది" అని విసుక్కునే అన్నమే దీనికి కావాలి. నీళ్లు మామూలుగా పోసి, పొయ్యి దించాక పది నిమిషాలు మూత తీయకుండా వదిలెయ్. దంపుడు బియ్యం మూడో వంతు కలుపుతామంటే కలపండి, రెండు గంటలు విడిగా నానబెట్టి. మా మామగారు మొహం చిట్లించి తింటారు, కానీ తింటారు.

---

ఎగిరే గిన్నె, మంగళవారం రాత్రి

చర్చకు కొంచెం పక్కకు వెళుతున్నాను, మన్నించాలి. వచ్చే నెల మా అమ్మ తైపే వస్తోంది. పంది మాంసం పచ్చడి పట్టుకొస్తానంటోంది. తేవచ్చా?

---

తైనాన్ కోడలు, మంగళవారం రాత్రి

వద్దు! పచ్చడే కాదు, మాంసం కలిసిన నూడుల్స్ పొట్లం కూడా వద్దు. ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ భయంతో ఇక్కడి విమానాశ్రయంలో చాలా కఠినంగా ఉన్నారు. ఆ జబ్బు భారతదేశంలో 2020 నుంచి ఉంది. ఆ జబ్బు ఉన్న దేశాల నుంచి పంది మాంసం తెస్తూ పట్టుబడితే మొదటిసారికే 2 లక్షల తైవాన్ డాలర్ల జరిమానా. ఆ జబ్బు మనుషులకు రాదు గాని పందుల మందలను ఊడ్చేస్తుంది. అమ్మగారితో ఆవకాయ తెప్పించుకోండి. మాగాయ కూడా. ఎక్కువైతే నాకు కబురు చేయండి.

---

షిన్‌చు గాలి, తరవాతి ఆదివారం రాత్రి

రెండో ప్రయత్నం ఫలితాలు.

శుక్రవారం సాయంత్రం కొట్టుకు ఫోను చేసి తోలుతో కావాలని చెప్పాను. శనివారం ఉదయం తెచ్చి, ఫ్రీజర్‌లో పెట్టి, గంట తరవాత కోశాను. అరకిలో కోయడానికి 50 నిమిషాలు పట్టింది. మధ్యలో తోలు జారి కత్తి పలక దాటి వెళ్లింది, వేలు దక్కింది. టీవీ చూస్తూ కోసే అత్తగారికి దూరం నుంచే దండం.

ఉల్లిపాయలు మొదటి విడత మాడ్చాను. బిర్యానీకి వేయించే రంగు వరకు ఆగాను, అదే తప్పు. రెండో విడత లేత రంగులోనే తీశాను, పళ్లెంలో కూర్చుని అవే బిర్యానీ రంగుకు వచ్చాయి. సోయా సాస్ మాస్టారి మాట మీద మూడున్నర చెంచాలే. సారా బదులు అల్లం. నూనె చుక్క వేయలేదు. మొదట ఇల్లంతా సోయా సాస్ వాసన, అమ్మ కిటికీలు తీసింది. నలభై నిమిషాల తరవాత అనాసపువ్వు, వేగిన ఉల్లి వాసన మొదలైంది, ఆవిడే వచ్చి ఒక కిటికీ మూసింది.

రాత్రి ఫ్రిజ్‌లో పెట్టాను. పొద్దున్నే తీసిన కొవ్వు పలకను కాటా మీద వేశాను: 70 గ్రాములు. కింద పులుసు వణికింది అక్కా! గిన్నె వంచితే కదల్లేదు, తడితే వణికింది. వీడియో తీసి మా షిన్‌చు స్నేహితులందరికీ పంపాను.

కొత్త బియ్యం దొరకలేదు. ఇంట్లో ఉన్న సోనామసూరికే అరగ్లాసు నీళ్లు ఎక్కువ పోసి మెత్తగా దించాను. నూటికి నూరు కాదు, కానీ పులుసు నిలబడింది. తోటకూర మీద ఒక చెంచా పులుసు వేస్తే అది అసలు వంటకాన్నే మించిపోయింది, నిజంగా. ముల్లంగి ఊరగాయ బదులు పచ్చి ముల్లంగి బిళ్లలను నిమ్మరసం, చిటికెడు పంచదార, పసుపులో అరగంట ఉంచాను, ఉప్పు వేయకుండా.

రుచి ఆ పెద్దావిడ గిన్నెకు ఎంత దగ్గర అంటే, పదికి ఏడు. ఆవిడ కుండలో ఇంకా ఏదో ఉంది. పెదవులు మాత్రం అతుక్కున్నాయి.

---

లెక్కల మాస్టారు, సోమవారం ఉదయం

70 గ్రాముల కొవ్వు అంటే 630 కేలరీలు. ఆరు గిన్నెలకు పంచితే గిన్నెకు 105 తగ్గాయి. సోడియం గిన్నెకు 525. పాస్.

---

గొడ్డుకారం, సోమవారం ఉదయం

ఆ కొవ్వు ఏం చేశారు? పారేశారా? గుండె తరుక్కుపోతోంది.

---

తైనాన్ కోడలు, సోమవారం

పారేయొద్దు, పూర్తిగా వాడొద్దు. చిన్న సీసాలో ఫ్రీజర్‌లో పెట్టుకో. ఎప్పుడైనా క్యాబేజీ వేపుడుకు నూనె బదులు అర చెంచా. ఆ పూట వేరే నూనె వేయకూడదు, అదే షరతు.

నీకు లేని ఆ మూడు మార్కులు బహుశా కాలం. కొట్లో కుండ పొద్దుటి నుంచి రాత్రి దాకా సన్నని సెగ మీద ఉంటుంది. ఇంట్లో దాన్ని రాబట్టాలంటే రెండోరోజు మళ్లీ వేడిచేసి తిను. మిగిలింది మూడు నాలుగు రోజుల్లో అయిపోవాలి, లేదా గిన్నెల లెక్కన చిన్న డబ్బాల్లో ఫ్రీజర్‌లో పెట్టేయి. తీసినప్పుడు బాగా మరగనివ్వాలి.

నాన్నగారు ఏమన్నారు?

---

షిన్‌చు గాలి, సోమవారం రాత్రి

ఆయన మొదట ముట్టనన్నారు. గుడ్డు మాత్రం తింటానన్నారు. గుడ్డు తిన్నాక, దాని కింద ఉన్న అన్నం వృథా అవుతుందన్నారు. గిన్నె ఖాళీ చేసి, "ఇంత చిన్న గిన్నెలో ఎవరికైనా పెడతారా?" అని అమ్మను అడిగారు. అమ్మ తోటకూర పళ్లెం ఆయన వైపు జరిపింది.